జీరో చూసుకోండి

మా వీధి నుంచి ఊళ్లోకి పోయే రోడ్డు మీద, సగం దారిలో మూతబడిన పెట్రోలు బంకు ఒకటుంది. చీకటి పడ్డాక అక్కడ బండి ఆపకూడదని మా వైపు చిన్నపిల్లలు కూడా చెబుతారు. రేకుల కప్పు అలాగే ఉంది. దాని కింద పంపులు రెండూ అలాగే నిలబడి ఉన్నాయి. గొట్టాలు మాత్రం ఎవరో కోసుకుపోయారు.

బంకు నడిచే రోజుల్లో రాత్రి డ్యూటీకి ఒక పెద్దాయన ఉండేవాడు. అందరికీ ఆయన జీరో బాబాయే, అసలు పేరు ఎవరూ అడిగిన పాపాన పోలేదు. బండి ఆగగానే కిటికీ దగ్గరికి వంగి, మెల్లగా, "జీరో చూసుకోండి" అనేవాడు. మనం పంపు మీటరు వైపు తిరిగి, సున్నా చూసి, తల ఊపితే తప్ప గొట్టం ఎత్తేవాడు కాదు. చూశాంలే బాబాయ్, కొట్టు అంటే కుదరదు. నిజంగా చూడాలి. ఎంత పెద్ద కారులో వచ్చినవాడికైనా అదే మాట, సీసా పట్టుకుని సైకిలు మీద వచ్చిన పోరగాడికైనా అదే మాట.

ఒక రాత్రి ఆయన కూర్చున్న కుర్చీలోనే పోయాడు. తర్వాత బంకూ ఎంతోకాలం నడవలేదు. కానీ... అక్కడ బండి ఆపినవాళ్లకి కిటికీ పక్కన ఇప్పటికీ ఆ మాట వినిపిస్తుందని చెప్పుకుంటారు. ఫోను మాట్లాడుకుందామని ఆపిన ఒకాయన, ఆ ఫోను అక్కడే పారేసి వచ్చేశాడట. నన్నడిగితే అంతా ఉత్తదే అంటాను. అలాగని చీకటి పడ్డాక అటు పోయి రమ్మంటే మాత్రం నేను పోను, ఆ మాట ముందే చెబుతున్నా.

ఇక మా తమ్ముడి సంగతి వినండి.

వాడికి ఒక పికప్ బండి ఉంది. ఇల్లు మారేవాళ్ల మంచాలు, బీరువాలు తోలుతాడు. మా ఆయనేమో మెకానిక్. కాబట్టి ఆ బండికి ఏ రోగం వచ్చినా వైద్యం మా వాకిట్లోనే. బావా బావమరుదులు చేరారంటే పని తక్కువ, వేళాకోళం ఎక్కువ. మా ఆయన నోటి సంగతి తెలిసిందేగా... ఒరేయ్, సన్నాసీ, దద్దమ్మా అనకుండా వాడితో ఒక్క మాట పూర్తి చెయ్యడు.

ఈసారి పోయింది మీటరు బోర్డు. స్టీరింగు వెనకాల స్పీడు ముల్లూ, డీజిలు ముల్లూ ఉంటాయి చూడండి, ఆ అద్దం పెట్టె మొత్తం. స్పీడు ముల్లు కదలదు, లైట్లు వాటి ఇష్టమొచ్చినట్టు వెలిగి ఆరుతాయి. మా ఆయన పాత బళ్లు విప్పే చోట వెతికి అలాంటిదే ఇంకొకటి పట్టుకొచ్చాడు. లోపలి సరంజామా బాగానే ఉంది గానీ, అంకెల పలక ఎండకి వెలిసిపోయింది. అందుకని మా బండి పలకనే దానికి వేద్దామన్నాడు. పలక మార్చాలంటే ముందు ముళ్లు ఊడదియ్యాలి. నా వంటింట్లోంచి రెండు చెంచాలు పట్టుకుపోయి, అటొకటి ఇటొకటి పెట్టి మీటితే టక్కున ఊడొచ్చాయి. చెంచాలు మళ్లీ నా గడప తొక్కలేదనుకోండి.

తంటా అంతా ముల్లు తిరిగి పెట్టేటప్పుడు వచ్చింది. తాళం తిప్పి, బోర్డు వెలిగించి, డీజిలు ముల్లు వేళ్ల మధ్య పట్టుకుని, ట్యాంకులో ఎంతుందిరా అని అడిగాడు మా ఆయన. నిజానికి అందులో పావు కూడా లేదు. ఉన్నది ఉన్నట్టు చెబితే, గుక్కెడు పోయించుకుని ఊరంతా ఊరేగుతాడు వీడు అని బావ వీధి వీధంతా వినేలా ఏడిపిస్తాడు. అందుకని మావాడు గొప్పగా, "సగం ఉంటుంది బావా" అన్నాడు.

ఈయన ముల్లు సగం మీద పెట్టి నొక్కేశాడు.

అలా పెట్టాక తాళం ఆపి, ముల్లు సున్నా మీదికొచ్చి పడుకుంటోందో లేదో చూసుకోవాలట. అది పద్ధతి. ఇంతలో చినుకులు మొదలయ్యాయి. గబగబా స్క్రూలు బిగించి ఇద్దరూ ఇంట్లోకి పరుగెత్తుకొచ్చారు. డీజిలు అయిపోతుంటే వెలగాల్సిన ఎర్ర లైటు ఆ పాత బోర్డులో ఎప్పుడో మాడిపోయి ఉంది. అదీ ఎవరూ చూసుకోలేదు. మర్నాటి నుంచి మావాడు ఆ ముల్లునే నమ్ముకుని కిరాయిలకి తిరిగాడు. బండి ఆపి దిగేటప్పుడు మీటరు వైపు ఎవరు చూస్తారు?

తమ్ముడి కూతురికి ఆయాసం ఉంది. ఆ వారంలోనే ఒక రాత్రి, భోజనాలు అవుతుండగా మొదలైంది. ఇంట్లో ఉన్న మందు పీల్పించారు. తగ్గలేదు. మళ్లీ పీల్పించారు... పిల్ల పెదాలు నీలం తిరగడం మొదలైంది. ఉన్నపళంగా పిల్లని ఎత్తుకుని బండెక్కారు. ఆస్పత్రి ఊళ్లో ఉంది. దారి ఆ ఒక్కటే.

ఇక్కడి నుంచి మా మరదలు చెప్పింది చెప్పినట్టు చెబుతున్నాను. నా సొంతం ఏమీ కలపడం లేదు.

బంకు దూరాన కనబడగానే ఆమె కళ్లు మూసేసుకుందట. అప్పుడే బండి ఒకసారి దగ్గింది. ఇంకాస్త దూరం పోయి... మళ్లీ దగ్గింది. సరిగ్గా ఆ రేకుల కప్పు ముందుకి వచ్చి —

ఆగిపోయింది.

డీజిలు అయిపోయిందా అంటే, ముల్లు పావు దాటి నిక్షేపంగా నిలబడి ఉంది. తమ్ముడు తాళం తిప్పాడు. ఇంజను గుర్రుమంది, అందుకోలేదు. మళ్లీ తిప్పాడు... ఆ గుర్రు నీరసపడింది. మీటరు వెలుగు మసకబారింది. పిల్ల ఊపిరి సన్నగా, ఈల వేసినట్టు... వస్తూ, ఆగుతూ... నాన్నా అనబోయింది గానీ మాట బయటికి రాలేదు.

వాడు మా ఆయనకి ఫోను చేశాడు. బావా, బంకు దగ్గర బండి ఆగిపోయింది, డీజిలు పావు పైనే చూపిస్తోంది, పిల్లకి ఊపిరాడటం లేదు — అనేసరికి అవతల గరగరమని శబ్దం, ఆ తర్వాత ఏమీ లేదు. కట్ అయిందనుకుని ఫోను చొక్కా జేబులో పడేసుకున్నాడు. ముందు వెనక ఒక్క బండి రావడం లేదు. పిల్లని ఎత్తుకుని పరుగెడదామంటే ఊరు ఇంకా చాలా దూరం. నా బిడ్డ నా ఒళ్లోనే పోతోంది అనిపించింది వదినా అని మా మరదలు ఇప్పటికీ ఏడుస్తుంది.

తమ్ముడు మళ్లీ తాళం మీద చెయ్యి వేశాడు.

అప్పుడు... కిటికీ పక్కన... మెల్లగా —

"జీరో చూసుకోండి."

వాడి చెయ్యి తాళం మీదే బిగుసుకుపోయింది. మరదలు వాడి మోచెయ్యి పట్టుకుంది.

"ఏమండీ... విన్నారా?"

వాడు తల ఊపాడు. కిటికీ వైపు మాత్రం తిరగలేదు. అద్దం దించే ఉంది... చల్లగాలి చెవికి తగులుతోంది...

"జీరో... చూసుకోండి."

చూస్తే తప్ప వదిలే మనిషి కాడు ఆయన, ఆ సంగతి ఊరందరికీ తెలుసు. పంపు వైపు చూసే ధైర్యం మావాడికి లేదు. ఎదురుగా ఉన్న మీటరు వైపే చూశాడు. తాళం వెనక్కి తిప్పాడు. లైట్లన్నీ ఆరిపోయాయి. జేబులోంచి ఫోను తీసి, ఆ వెలుగు బోర్డు మీద వేశాడు.

స్పీడు ముల్లు సున్నా మీద ఉంది.

డీజిలు ముల్లు... తాళం ఆపినా పావు దాటినచోటే నిలబడి ఉంది. కదల్లేదు. అంటే ఆ ముల్లుకి సున్నా అదే.

ఆ క్షణాన వాడికి తాను చెప్పిన 'సగం' గుర్తొచ్చింది. అదే క్షణాన చేతిలో ఫోను గరగరమంది. అందులోంచి మా ఆయన గొంతు, ముక్కలు ముక్కలుగా... వినబడుతోందా, ట్యాంకు ఖాళీరా సన్నాసీ, ఇక తాళం ముట్టుకోకు, వచ్చేస్తున్నా. ఆ తిట్టు విని మా మరదలికి ప్రాణం లేచొచ్చింది. మాట్లాడింది అన్నయ్యే అన్నమాట! ఫోను అసలు కట్ కానేలేదన్నమాట!

మా ఆయన స్కూటరు మీద డబ్బాతో డీజిలు పట్టుకుని పోయాడు. ఒక్కసారి ఖాళీ అయిన డీజిలు బండికి ఊరికే పోస్తే సరిపోదు, గొట్టంలో చేరిన గాలి తియ్యాలి. ఇంజను పక్కనుండే చిన్న పంపుని చేత్తో కొట్టి కొట్టి గాలి తీశాడు. బ్యాటరీలో మిగిలిన కాస్త ఊపిరితో ఇంజను అందుకుంది. ముందే ఇంకొక్కసారి తాళం తిప్పి ఉంటే అదీ పోయేదని తర్వాత చెప్పాడు.

ఆస్పత్రిలో పిల్ల మొహానికి గాలి గొట్టం తగిలించారు. కాసేపటికి పెదాలకి రంగొచ్చింది. ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేకపోయేదాన్ని అంది డాక్టరమ్మ. నేను వెళ్లేసరికి తమ్ముడు వరండా బల్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. బిడ్డ ప్రాణం కంటే నా గొప్ప ఎక్కువైపోయింది అక్కా అన్నాడు. సున్నా చూసుకోవాల్సింది నేనురా అని మా ఆయన వాడి వీపు రాశాడు. ఆ తర్వాత, నీ గొంతు విని జీరో బాబాయ్ అనుకుని చచ్చాం బావా అని వాడు చెబితే, ముగ్గురం నవ్వుకున్నాం. మరదలు మాత్రం నవ్వలేదు.

తెల్లారి ఇంటికొచ్చాక మా ఆయన్ని అడిగాను, ఫోనులో వాడితో సరిగ్గా ఏమన్నావని.

"జీరో చూసుకోరా దద్దమ్మా అన్నాను. ఏం?"

"వాళ్లిద్దరూ విన్నది 'చూసుకోండి' అని."

ఆయన పకపకా నవ్వాడు. నేనేంటి, నీ తమ్ముడికి అండి పెట్టడమేంటి, ఆఖరికి మా పెళ్లి పీటల మీద కూడా వాణ్ణి ఒరేయ్ అనే పిలిచానన్నాడు. నవ్వుతూ నవ్వుతూనే... నా మొహం చూసి ఆగిపోయాడు.

మర్నాడు బండి ట్యాంకు మొత్తం ఖాళీ చేసి, ముల్లు ఊడదీసి, సున్నా మీద సరిగ్గా పెట్టి బిగించాడు. ఎలా ఉందో చూద్దామని బావా బావమరుదులు ఊళ్లోకి బయల్దేరారు. ఆ తర్వాతది తమ్ముడు చెప్పాడు. బంకు ముందుకి రాగానే మా ఆయన బండి ఆపమన్నాడట. దిగి, ఆ గొట్టం లేని పంపు ముందు కాసేపు నిలబడ్డాడట. తర్వాత తల ఊపి, మెల్లగా, "చూసుకున్నామండి" అన్నాడట.