మూడో వేలి దగ్గర

గురువారం పొద్దున లూర్దు పళ్లెం ముందు కూర్చుని ఇడ్లీని తుంచుతూ ఉండిపోయింది. వంటింట్లో తల్లి నిర్మల చట్నీకి పోపు పెడుతోంది. వసారాలో నానమ్మ ఆరోగ్యమ్మ జపమాల చివరి పూసల దగ్గరికి వచ్చింది. చిన్నప్ప గడ్డం గీసుకుంటూ అద్దంలోంచి కూతుర్ని చూశాడు. బొగ్గు గని ల్యాంపు రూములో అతను గుమాస్తా. కిందికి దిగేవాళ్లకు తలదీపాలు ఇవ్వడం, పైకి వచ్చాక తీసుకోవడం అతని పని. పదకొండేళ్లుగా ఆ కిటికీలోంచి మనుషుల్ని చూస్తున్నవాడికి ఎవరి ముఖంలో ఏం తేడా ఉందో ఇట్టే తెలుస్తుంది.

"కడుపు నొప్పా అమ్మా?"

"కాదు నాన్నా. ఆదివారం నేను సత్ప్రసాదం తీసుకోను."

వసారాలో పూసల చప్పుడు ఆగిపోయింది. ఇంట్లో అందరూ నెల్లాళ్లుగా ఆ ఆదివారం కోసమే ఎదురుచూస్తున్నారు. నిర్మల కుట్టిన తెల్ల గౌను బీరువాలో సిద్ధంగా ఉంది. తన మనవరాలి మొదటి సత్ప్రసాదం సంగతి ఆరోగ్యమ్మ క్వార్టర్ల వరస మొత్తానికీ చెప్పింది. లూర్దుది సిస్టర్ల బడిలో మూడో తరగతి. అక్కడ పొద్దున మొదటి గంటలో మిగతా పిల్లలు నీతి పాఠానికి వెళితే, కతోలిక పిల్లలు అనంతమ్మ టీచర్ దగ్గర సత్యోపదేశానికి వెళతారు. ఈ ఏడు పదహారు మంది. శనివారం ఫాదర్ దగ్గర పాపాలు చెప్పుకునే మొదటి పాపసంకీర్తనం, ఆదివారం పూజలో ఫాదర్ చేతి అప్పం అందుకునే మొదటి సత్ప్రసాదం. ఇద్దరిద్దరుగా చేతులు పట్టుకుని పీఠం దాకా నడవాలి. లూర్దు జత కన్నమ్మ. చర్ల దగ్గరి అడవి పల్లె నుంచి వచ్చి బడి హాస్టల్లో ఉండే పిల్ల.

ఆరోగ్యమ్మ లేచి వచ్చింది. తీసుకోకపోవడం ఏమిటని, అలాంటి మాట నోట్లోంచి రాకూడదని, దేవుడి తల్లి వింటుందని అన్నది. లూర్దు జవాబుగా కుడిచెయ్యి ఎత్తి, టీచర్ నేర్పినట్టు ఒక్కో వేలూ మడుస్తూ లెక్కపెట్టింది.

"ఒకటి, చేసిన పాపాలు గుర్తుచేసుకోవాలి. రెండు, వాటికి బాధపడాలి. మూడు, మళ్లీ చేయనని గట్టిగా అనుకోవాలి. నాలుగు, ఫాదర్‌కు చెప్పాలి. అయిదు, ఫాదర్ చెప్పిన ప్రాయశ్చిత్తం చేయాలి." మడిచిన వేళ్లన్నీ విప్పి, మూడో వేలు పట్టుకుంది. "నాకు ఇది కుదరట్లేదు. ఇది లేకుండా ఫాదర్ దగ్గరికి పోతే అది ఇంకో పాపమంట."

"నువ్వు చేసిన పాపాలేంటే తల్లీ, బెల్లం ముక్క దొంగతనమా?" అని ఆరోగ్యమ్మ నవ్వింది.

లూర్దు నవ్వలేదు. సత్యోపదేశం పుస్తకంలోంచి నాలుగు మడతల కాగితం తీసి తండ్రికి ఇచ్చింది. మరిచిపోకుండా పాపాలు రాసుకోమని టీచర్ చెప్పిందట.

చిన్నప్ప సబ్బు నురగ ముఖంతోనే చదివాడు. బెల్లం నిజంగానే ఉంది, మూడుసార్లు. జపంలో నిద్రపోవడం ఉంది. ఆ కింద పెన్సిల్‌తో నొక్కి రాసిన గుండ్రటి అక్షరాలు. 'కన్నమ్మకు నానమ్మ ఎర్రమ్మ గ్లాసులో నీళ్లు ఇచ్చింది. నేను చూసి ఊరుకున్నాను. కన్నమ్మ నాకు తునికి పండు ఇచ్చింది. నానమ్మ చూస్తోందని మోరీలో పారేశాను. కన్నమ్మ చూసింది.'

అతను కాగితం మడిచి వంటింట్లోకి వెళ్లాడు. నిర్మల దాచలేదు. పోయిన శనివారం కన్నమ్మ గౌను కొలతలకు వచ్చింది. హాస్టల్ పిల్లలకు కుట్టేవాళ్లు లేరని సిస్టర్ దగ్గర గుడ్డ తనే అడిగి తీసుకుంది. భుజం దగ్గర కుచ్చు పెడుతుంటే పిల్ల దాహమన్నది. అత్తయ్య లేచి పెరట్లోకి వెళ్లింది.

"ఏ గ్లాసు తెచ్చిందో చూశానండీ. నోట్లో గుండుసూదులు ఉన్నాయి. తీసి ఒక్క మాట అనొచ్చు." పోపు గరిటె పక్కన పెట్టింది. "తీయలేదు."

పెరట్లో పాయఖానా గోడకు ఆనుకుని చిన్న గట్టు ఉంది. దాని మీద ఫినాయిలు డబ్బా, అరిగిన చీపురు, ఒక సత్తు గ్లాసు. వీధి ఊడ్చే ఎర్రమ్మ దాహమంటే అందులో నీళ్లు పోస్తారు. తాగి, తనే కడిగి, తనే బోర్లిస్తుంది. ఈ ఇంటికి వచ్చిన రోజు నుంచీ ఆ గ్లాసు అక్కడే ఉంది. చిన్నప్ప రోజూ దాని పక్కనుంచి నడిచాడు. ఇవాళే మొదటిసారి చేతిలోకి తీసుకున్నాడు. అంచు సొట్టలు పోయింది. అడుగున పచ్చటి పాకుడు చుట్టలా పట్టింది. దానికి ఒక చచ్చిన చీమ అంటుకుని ఉంది.

కుళాయి కింద పట్టి నింపాడు. కూతురి స్నేహితురాలు తాగింది, తనూ తాగాలనుకున్నాడు. మూతి దగ్గరికి తెచ్చేసరికి ఫినాయిలు, పాచి కలిసిన కంపు ముక్కుకు కొట్టింది. గోడ పట్టుకుని వంగి, పరగడుపున ఉన్న పసరంతా కక్కుకున్నాడు.

"ఒరే, ఏమైందిరా?" ఆరోగ్యమ్మ గుమ్మంలోంచి పరుగున వచ్చింది. కొడుకు చేతిలో గ్లాసు చూసి ఆగిపోయింది. "దాన్నెందుకు ముట్టుకున్నావు?"

"ఆ పిల్లకు ఇందులో ఎందుకిచ్చావమ్మా?"

"నీళ్లు లేవన్నానా? ఇచ్చాను కదా. అడవిలో ఏం తింటారో, ఏం తాగుతారో. మనమందరం తాగే గ్లాసు ఎట్లా ఇస్తాను? ఊళ్లో మనది గుళ్లో ముందు వరస. మీ తాత గంట చేయించి ఇచ్చాడు."

"నేను తాగలేకపోయాను. మూతి దగ్గర పెట్టుకుంటేనే వాంతయింది. ఎనిమిదేళ్ల పిల్ల మన ఇంట్లో నిలబడి తాగింది."

"ఎర్రమ్మ రోజూ తాగట్లేదా? దానికి లేని రోత నీకేంట్రా?"

ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతులో కోపం లేదు. నిజంగానే అర్థం కాక అడిగింది. చిన్నప్ప తల్లి ముఖం, మెడలో సిలువ, వేళ్లకు చుట్టుకున్న జపమాల, తనకు అన్నం కలిపి పెట్టిన ఆ చేతులు, అన్నిటినీ చూడలేక తల తిప్పుకున్నాడు. తిప్పుకున్న వైపు గట్టు కనిపించింది. గుంటూరు జిల్లా పల్లెలో కులాన్ని బట్టి కుడి వరస, ఎడమ వరస కూర్చోబెట్టే గుడిని వదిలేసి వచ్చానని, గనిలో అందరూ ఒకే నలుపని, వేరే కులపు కార్మికుడు మంగయ్యతో కలిసి ఒకే సాసరులో టీ తాగుతానని ఎన్నిసార్లు గొప్పగా చెప్పుకున్నాడో గుర్తొచ్చింది. పదకొండేళ్లు ఈ గ్లాసు తన ఇంటి గట్టు మీదే ఉంది. ఇప్పుడు కలుగుతున్న అసహ్యంలో తల్లి వాటా ఎంతో, తన వాటా ఎంతో తేల్చుకోలేకపోయాడు.

"రేపటి నుంచి ఇది ఉండదమ్మా," అని గ్లాసును కాలికింద వేసి తొక్కాడు. సత్తు గ్లాసు పెద్ద చప్పుడు కూడా చేయకుండా అణిగిపోయింది.

"నేను పోయాక మార్చుకోండి మీ పద్ధతులు," అన్నది ఆరోగ్యమ్మ.

గుమ్మంలో లూర్దు నిలబడి ఉంది. "అందుకే మూడోది కుదరదన్నాను నానమ్మా," అని మెల్లగా చెప్పి, పుస్తకాల సంచి తగిలించుకుని బడికి వెళ్లిపోయింది.

మర్నాడు ఎర్రమ్మ వచ్చినప్పుడు నిర్మల ఇంట్లోని స్టీలు గ్లాసుతో నీళ్లు తెచ్చింది. ఎర్రమ్మ గట్టు మీద చూసింది, చీపురు జరిపి చూసింది, డబ్బా వెనక చూసింది.

"నా గిలాస ఏదమ్మా?"

ఇక ఇందులోనే తాగమంటే రెండడుగులు వెనక్కి వేసింది. "నాకొద్దు తల్లీ. మీ అత్త తిడ్తది." దోసిలి పట్టింది. నిర్మల ఎంత చెప్పినా దోసిలి తీయలేదు. చివరికి ఆ దోసిట్లోనే నీళ్లు పోయాల్సి వచ్చింది. తలుపు సందులోంచి చూస్తున్న చిన్నప్పకు నోట్లో నిన్నటి పసరు చేదు మళ్లీ తగిలింది. గ్లాసు తొక్కినంత తేలిగ్గా తొక్కేసేది కాదు ఇది. లోపలి గదిలో ఆరోగ్యమ్మ అటు తిరిగి పడుకుని ఉంది. రెండు పూటలుగా వాళ్లతో కూర్చుని అన్నం తినలేదు.

శనివారం మధ్యాహ్నం అందరూ గుడికి వెళ్లారు. వచ్చి కూర్చుంటే చాలు, బలవంతం లేదని అనంతమ్మ టీచర్ చెప్పడంతో లూర్దు వచ్చింది. వారం తప్పకుండా పాపసంకీర్తనం చేసే ఆరోగ్యమ్మ పిల్లల వెనక బల్ల మీద కూర్చుంది. ఆమె పక్కనే చిన్నప్ప. ఏప్రిల్ ఎండకు రేకుల కప్పు చిటపటలాడుతోంది. ఎవరో పిల్లల కోసం మట్టికుండ నింపి గుమ్మం దగ్గర పెట్టారు. దాని మీద ఒకటే గ్లాసు ఉంది. పిల్లలంతా అందులోనే తాగుతున్నారు. చిన్నప్ప కాసేపు ఆ గ్లాసునే చూస్తూ కూర్చున్నాడు.

లూర్దు జరిగి జరిగి కన్నమ్మ పక్కకు చేరింది. పండు పారేసిన సంగతి చెప్పింది. చెబుతూ ముక్కు ఎగబీల్చింది.

"గా పండా?" కన్నమ్మ కాళ్లూపుతూ అన్నది. "అది పుచ్చుదే. నేను జూడకుంట ఇచ్చిన. పారేసినవ్, మంచిగైంది."

లూర్దు ముఖం తేటపడింది. అంతలోనే మళ్లీ మూడో వేలు పట్టుకుంది. "కానీ నువ్వు మళ్లీ మా ఇంటికొస్తే?" అన్నది. కన్నమ్మ కాళ్లు ఊపడం మానేసి, లేచి టీచర్ దగ్గరికి వెళ్లింది. టీచర్ నిలబడ్డది సరిగ్గా ఆరోగ్యమ్మ బల్ల ముందే.

"టీచర్, ఇంకోటి కలిపి చెప్పొచ్చా?"

"ఏంది బిడ్డా?"

"పండు మంచిదే. మా అమ్మ అడవిల ఏరి తెచ్చింది. లూర్దు ఏడుస్తదని పుచ్చుదని అబద్ధం చెప్పిన. గిది గూడ పాపమేనా?"

ఇరవై ఏళ్లుగా సత్యోపదేశంలోని ప్రతి ప్రశ్నకూ జవాబు ఒప్పజెప్పించిన టీచర్ పిల్ల తలమీద చెయ్యి వేసింది. "చెప్పు బిడ్డా. ఫాదర్ వింటడు. తిట్టడులే."

చిన్నప్ప తల్లివైపు చూశాడు. ఆమె చేతిలో పూసలు కదలడం లేదు.

పిల్లలందరూ అయ్యారు, లూర్దు తప్ప. పెద్దవాళ్ల వరస మొదలైంది. ఆరోగ్యమ్మ వంతు వచ్చింది. ఆమె లేచి, మళ్లీ కూర్చుని, వెనకావిడను పొమ్మన్నది. ఆ తర్వాత ఇంకొకరిని. చివరికి ఎవరూ మిగలనప్పుడు వెళ్లింది. ప్రతివారం రెండు నిమిషాల్లో బయటికి వచ్చే మనిషి ఈసారి ఎంతకీ రాలేదు. వచ్చాక ఎప్పుడూ మోకరిల్లే మరియమ్మ స్వరూపం ముందు కూడా ఆగలేదు. కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నేరుగా వరండాలోకి నడిచింది.

అక్కడ మెట్ల మీద లూర్దు, కన్నమ్మ కూర్చుని ఉన్నారు. కన్నమ్మ లంగా ఒళ్లో నాలుగైదు తునికి పండ్లు ఉన్నాయి. ముసలామెను చూడగానే కన్నమ్మ లేచి పక్కకు తప్పుకుంది. ఆ తప్పుకోవడం చూసి ఆరోగ్యమ్మ ముఖం ముడుచుకుపోయింది.

"ఎక్కడికే పోతావు? కూచో." మెట్టు మీద వాళ్ల పక్కనే చతికిలబడింది. "నాకొకటి ఇస్తావా?"

కన్నమ్మ లూర్దు వైపు చూసింది. ఒళ్లోంచి ఒక పండు ఏరి, లంగాకు ఒకసారి తుడిచి, చాలదన్నట్టు మళ్లీ తుడిచి చాపింది. "మంచిదే పెద్దమ్మా. చూసే ఇచ్చిన."

ఆరోగ్యమ్మ పండు కొరికింది. గుమ్మంలో నిలబడ్డ చిన్నప్ప తల్లి గొంతును చూశాడు. డెబ్బై ఏళ్ల అలవాటు ఆ గొంతులో అడ్డం పడింది. దవడ బిగుసుకుంది, కళ్లలో నీళ్లు తిరిగాయి. మొన్న పెరట్లో తనకు కలిగిన వికారం లాంటిదే. అతను వాంతి చేసుకున్నాడు. ఆమె మింగింది. గింజలు అరచేతిలోకి ఉమ్మి, ఎక్కడ పారేయాలో తెలియనట్టు చూసి, కొంగున ముడివేసుకుంది.

"రేపు పూజయ్యాక మా ఇంటికి రా," అన్నది కన్నమ్మతో. "నా పక్కన కూచుని టిఫిను తిను. నీళ్లు నా గ్లాసులో ఇస్తాను. ఎర్రమ్మకు కూడా అందులోనే ఇస్తాను. అది తాగకపోతే తాగేదాకా అక్కడే నిలబడతాను." ఆ పిల్ల చెయ్యి పట్టుకుని కళ్లకు అద్దుకుంది.

లూర్దు తన చేతివైపు చూసుకుంది. ఒకటి మడిచింది, రెండు మడిచింది. నానమ్మ ముఖంలోకి ఒక్క క్షణం చూసి, మూడోది కూడా మడిచింది. చెయ్యి అలాగే పట్టుకుని గుళ్లోకి పరుగెత్తింది.

లోపల ఫాదర్ పాపసంకీర్తనం వినడానికి మెడలో వేసుకున్న ఊదారంగు పట్టీ తీసి మడత పెడుతున్నాడు. చెప్పుల్లేని చిన్న పాదాల చప్పుడు విని తలెత్తాడు. ఏమీ అడగకుండా పట్టీ విప్పి మళ్లీ మెడలో వేసుకుని కూర్చున్నాడు.

బయట మెట్ల మీద ఆరోగ్యమ్మ ముక్కు చీదుకుని, కన్నమ్మ ఒళ్లోకి తొంగిచూసింది.

"ఇంకోటుందా?"