అద్దానికి రెండింతలు

"పంకా ఉల్టా తిరుగుతున్నది సార్!"

రాయచూరు కాలేజీ సైన్స్ ఎగ్జిబిషన్‌లో వందమంది పిల్లల ముందు అంత మాట అనేసింది ఫిజిక్స్ లెక్చరర్ రూప. థర్మల్ స్టేషన్ ఇంజనీరు గోపీచంద్ ముఖం కందిపోయింది. అతను గుంటూరు నుంచి తెచ్చి ప్రదర్శనకు పెట్టిన ముచ్చటైన గాజు బుడ్డి గురించే ఆ మాట. లోపల పంకాలా నాలుగు రేకులు, ఒక్కోదానికి ఒకవైపు నలుపు, ఒకవైపు అద్దం. ఎండలో పెడితే గిర్రున తిరుగుతాయి.

"వెలుగే నెడుతోందండీ..." నసిగాడతను.

"వెలుగైతే అద్దం దిక్కు ఎనక్కి పోవాలె. నలుపు వెలుగును మింగి ఊకుంటది, దానికి ఒక్కింత నెట్టుడే. అద్దం వాపస్ ఇస్తది, దానికి రెండింతలు. గీడ నలుపు ఎనక్కి పోతున్నది. బుడ్డిల మిగిలిన గాలి వేడెక్కి చేసే పని గిది. వెలుగు నెట్టుడు శానా చిన్నది, కండ్లకు కానరాదు. గని ఉంటది."

"తప్పు నాదేనండీ," అని తల దించుకున్నాడు.

ఆ దించిన తల నాలుగు నెలలైనా లేవలేదు. ప్రతి శనివారం ఏదో డౌటుతో వచ్చేవాడు. రూప ఆటపట్టిస్తే కిక్కురుమనేవాడు కాదు. ఆమె చూస్తే నేల చూసేవాడు. పాపం, ఇంత మంచివాడితో వేగడం ఎలాగో ఆమెకు తెలియలేదు. శనివారం కోసం ఎదురుచూడటం మాత్రం అలవాటైపోయింది.

ఈ శనివారం గాజు బుడ్డి ఆమె టేబుల్ మీద పెట్టాడు.

"బళ్లారికి ట్రాన్స్‌ఫరండీ. సోమవారం జాయినవ్వాలి. ఇది మీ దగ్గరుంటే బాగుంటుందని..."

రూప దాన్ని ముట్టుకోలేదు.

"గంతేనా? ఇంకేం చెప్పేది లేదా?"

అతను నేల చూశాడు.

"నాలుగు నెలల సంది చూస్తున్న సార్. ఏమన్నా మింగుడే. నేను చూసిన చూపులన్నీ మింగిండ్రు. ఒక్కటన్నా వాపస్ ఇచ్చిండ్రా?" ఆమె గాజు బుడ్డిని అతని ముందుకు జరిపింది. "అద్దానికి ఎంతని చెప్పిన?"

"రెండింతలు," అన్నాడు మెల్లగా.

అని, తలెత్తాడు. మొదటిసారి సూటిగా, రెప్పవేయకుండా చూశాడు. ఈసారి నేల చూడటం రూప వంతయింది.

"మీరంటే నాకు చాలా ఇష్టమండీ. మీ అమ్మగారిని ఎప్పుడు కలవమంటారు?"

"రేపే రాండ్రి," అంది చీర కొంగు వేలికి చుట్టుకుంటూ. "అమ్మ ముందట మాత్రం మల్ల నేల చూడకుండ్రి. నా వల్ల గాదు ఇంకో నాలుగు నెలలు!"