మోర్మన్ మూస

ఆ ఉదయం మహీజ నలభై రెండో తెల్లచొక్కాను చెరిపేసింది. చెరిపిన మరుక్షణం కథాయంత్రం ఇంకొకటి తొడిగింది. తెరమీది మనిషి అదే నవ్వు నవ్వాడు, అదే సైకిలు పట్టుకున్నాడు. అతని వెనక అదే ఎడారి.

"ఎండలో మాడ్చి చంపుతావా వాణ్ణి? ఎడారి తియ్యి," అంది మహీజ.

"ఆధారం: రెండువేల నూట పది గంటల పాత ప్రసారాలు," అంది యంత్రం. "ఎడారి తీస్తే పొందిక నూటికి అరవై ఏడు. ముద్ర పడాలంటే తొంభై కావాలి."

రాష్ట్రంలో ఇప్పుడు కథలు రాసే మనుషులు లేరు. బడిలో పాఠమైనా, సాయంత్రం నాటకమైనా, ఎవరింట్లో వాళ్ళకి అడిగిన క్షణాన యంత్రమే అల్లి చూపిస్తుంది. పాత్ర ఏ జనానికి చెందితే ఆ జనం మూసలోంచి దిగుతుంది. ఆ మూసలు పోసేది రాజమండ్రి మూసశాలలోని పరిశోధక విద్యార్థులు. మహీజ వంతుకి మోర్మన్లు వచ్చారు, అమెరికా ఎడారి సీమలో వేళ్ళూనిన ఒక క్రైస్తవ శాఖవాళ్ళు. నాలుగేళ్ళ పని అది. ఇవాళ అయిదు గంటలకి మూసకు ముద్ర పడి, పీఠం పెద్దలు సరేనంటే ఆమెకి పట్టా. లేదంటే నాలుగేళ్ళూ గంగలో కలిసినట్టే. ఒకసారి ముద్ర పడిందా, పన్నెండేళ్ళ వరకు దాన్ని ఎవరూ తాకలేరు.

మహీజకి తన పనిమీద నమ్మకం ఎక్కువ. ఎక్కువంటే మరీ ఎక్కువ. సినిమాలు, వార్తలు, వాదోపవాదాలు, అన్ని గంటలూ కళ్ళు కాయలు కాచేలా చూసింది. ఎక్కువమంది భార్యలు, ఇల్లు నిండా పిల్లలు, జంటగా వచ్చి తలుపు తట్టే యువకులు... ఏది ఎన్నిసార్లు కనిపించిందో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. ఆ ధైర్యంతోనే ఆర్నెల్ల కిందట ఊళ్ళోని వాళ్ళ ప్రార్థనామందిరానికి బయల్దేరింది. ఉత్తచేతులతో ఏం బాగుంటుందని ఒక పెద్ద డబ్బా నిండా వేడివేడి గారెలు పట్టుకెళ్ళింది. అక్కడే పప్పులో కాలేసింది.

అది నెలలో మొదటి ఆదివారం. ఆ రోజు వాళ్ళు రెండు పూటలు ఏమీ తినరు, ఉపవాసం. గారెల వాసన హాలంతా పట్టేసింది. ముందు నిలబడి తన విశ్వాసం గురించి సాక్ష్యం చెబుతున్న లారీ మెకానిక్కు ఒకరు సగంలో మాట మరిచిపోయి గుటక మింగారు.

"అయ్యో తల్లీ, ఎంత ప్రేమగా తెచ్చారండీ!" అంది ఎస్తేరు రాణి. అక్కడి స్త్రీల సమాజానికి ఆవిడే పెద్ద. నవ్వాగక నోటికి పైట అడ్డం పెట్టుకుంది. "ఏం పర్లేదండి. సాయంత్రానికి పెరుగులో వేసేస్తే ఆవడలైపోతాయి. మీరూ ఉండండి మరి."

అన్ని గంటల్లో ఒక్కరంటే ఒక్కరు ఈ ముక్క చెప్పలేదు. మహీజకి సిగ్గేసింది, వెంటనే ఒళ్ళు మండింది. ఆ తరవాత ప్రతి ఆదివారం వెళ్ళింది.

అందుకే ఇప్పుడు యంత్రంతో, "సరే, ఉపవాసం చేర్చు. నేను కళ్ళారా చూశాను," అంది.

"పరిశోధకురాలి ప్రత్యక్ష సాక్ష్యం. బరువు ఎక్కువ," అని యంత్రం మూడు దృశ్యాలు అల్లింది. పెళ్ళి విందులో ఒక మోర్మన్ స్త్రీ కళ్ళు మూసుకుని విస్తరి పక్కకి నెట్టింది. బస్సులో కళ్ళు మూసుకుని అరటిపండు వద్దంది. పుట్టినరోజున కళ్ళు మూసుకుని కేకు వద్దంది. పొందిక తొంభై ఒకటి.

వెనక నిలబడ్డ ఆమె గైడు ఆచార్య భానోజీరావు చప్పట్లు చరిచారు. "దాటేసిందమ్మా! ఇంకేం చూస్తావు, నొక్కెయ్!"

"వీళ్ళెవరూ ఇలా ఉండరు సార్. ఆకలేస్తే విసుక్కుంటారు, నవ్వుతారు. నేను నిజం చెప్పినా దీని నోట్లో పడేసరికి అబద్ధమైపోతోంది!"

మహీజకి ఏడుపొచ్చినంత పనైంది. కానీ ఆమె ఏడ్చే రకం కాదు. తిండి, బట్ట, నమ్మకం అంటూ మూసలో నింపిన ఇరవై నాలుగు గడులూ ఒక్కొక్కటే తుడిచేసి, ఎస్తేరు రాణికి ఫోన్ చేసింది.

"అమ్మా, గడి గడిలో మీ మందిరం నంబరు రాస్తానంటే ఒప్పుకుంటారా? ఏ కథలో మీవాళ్ళు వచ్చినా యంత్రం ఆగి మిమ్మల్నే అడగాలి. పన్నెండేళ్ళు. చాలా ఫోన్లొస్తాయి."

"రానివ్వండి! వంతులేసుకుంటాం. మాట్లాడ్డానికి మాకేం నొప్పండీ?"

ఇరవై నాలుగు గడుల్లోనూ మహీజ ఒకటే రాసింది: అడగండి. కింద నంబరు. యంత్రం గడికీ గడికీ మధ్య వైరుధ్యం వెతికింది. దొరకలేదు. పొందిక వంద అని చూపించింది.

"ముద్ర పడుతుంది సరే, పెద్దలు పట్టా ఇవ్వరు," అన్నారు భానోజీరావు. ఆయన గొంతులో కోపం లేదు, దిగులుంది. "బాగా ఆలోచించుకో తల్లీ."

"ఆలోచించాను సార్. ఇవ్వకపోతే ఇంకో అంశంమీద మళ్ళీ మొదలెడతాను," అని మహీజ మీట నొక్కింది.

అయిదు దాటి ఆరు నిమిషాలకి యంత్రం నుంచి ఎస్తేరు రాణికి మొదటి పిలుపు వెళ్ళింది. భీమిలిలో సత్యాలమ్మ అనే ఆవిడ చూస్తున్న నాటకం నడిమధ్యలో ఆగింది. ఫోన్లో మాటలు అటు ఆవిడింట్లోనూ ఇటు మూసశాలలోనూ వినిపిస్తున్నాయి.

"మోర్మన్ పాత్ర అన్నతో పోట్లాడి ఇంటికి వచ్చింది. ఇప్పుడు ఏం చేస్తుంది?" అని అడిగింది యంత్రం.

"ఎవరండీ?" అంది ఎస్తేరు రాణి.

"మోర్మన్ పాత్ర."

"అదేనండీ, ఎవరని? పేరుంటుంది కదా. ఆడమనిషా, మగమనిషా? అసలు తప్పెవరిది?"

యంత్రం అక్కడే చిక్కుకుపోయింది. మూసశాలలో దీపాలన్నీ పసుపురంగుకి మారాయి. భానోజీరావు కుర్చీలో కూలబడ్డారు.

అప్పుడు భీమిలి నుంచి సత్యాలమ్మ గొంతు లేచింది. "ఆగవే యంత్రమా. ఆళ్ళని అడుగుతున్నావు, బాగుంది. మరి మా జాలరోళ్ళ మూస పోసినప్పుడు ఎవుర్ని అడిగినావు?"

యంత్రానికి అబద్ధమాడటం నేర్పలేదు. "ఎవరినీ అడగలేదు," అంది.

"అయితే నా నంబరు రాసుకో."