బానెట్ మీద మెరుపు

టీ గ్లాసు పట్టుకుని వెనక షెడ్డులోకి అడుగుపెట్టిన మేస్త్రికి అల్లుడు కనబడ్డాడు. అల్లుడి చేతిలో ఉప్పుకాగితం కనబడింది. ఆ కాగితం కింద కారు బానెట్ కనబడింది. నెత్తురు కారకపోవడం ఒక్కటే తక్కువ.

"ఏం చేస్తున్నావు బాబూ?"

"రుద్దుతున్నాను మామయ్యా. నీళ్లు చల్లుకుంటూ రుద్దితే నున్నగా వస్తుందట."

"నున్నగానే ఉంది కదా."

"మెరుపు పోవాలి కదండీ. అది పోతే గానీ కొత్త రంగు పట్టదు."

మేస్త్రి టీ తాగలేదు. గ్లాసు కిటికీ గట్టున పెట్టి బానెట్ మీద వేలితో రాశాడు. వేలికి బూడిద రంగు బురద అంటుకుంది. ఆయన ఆదివారాలన్నీ ఆ బురదలో ఉన్నాయి.

కర్రసామానుకు పాలిష్ పెట్టడం ఆయన వృత్తి. బీరువాలు, బల్లలు, ఒకసారి కోర్టులో జడ్జి గారి కుర్చీ కూడా. ఆయన చేయి పడిన బల్లలో ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చని పేరు. కారు మాత్రం భార్యది. ఆవిడ నడిపేది, ఆయన తుడిచేవాడు. ఆయనకి నడపడం రాదు, ఆవిడకి తుడవడం గిట్టదు. కాపురం మొత్తంలో వాళ్లకి పేచీ రాని విషయం అదొక్కటే.

ఆవిడ పోయాక కారు కూతురి చేతికి వచ్చింది. కూతురు ఆడవాళ్లకు డ్రైవింగ్ నేర్పుతుంది. అల్లుడిది కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబులో ఉద్యోగం. తల్లి పోయినప్పుడు నాలుగు రోజులుందామని వచ్చినవాళ్లు, వెళ్లే మాట ఎవరూ ఎత్తకపోవడంతో ఇక్కడే ఉండిపోయారు. మేస్త్రి వాళ్లని ఉండమనలేదు. పొమ్మనీ అనలేదు. ఆయన మట్టుకు ఆయనకి అది బతిమాలడం కిందే లెక్క.

కూతురు పాత పేపర్ల కట్టతో, జిగురు టేపుతో షెడ్డులోకి వచ్చింది. తండ్రిని చూసి ఆగింది.

"చెబుదామనే అనుకున్నాను నాన్నా. ఒప్పుకోవని చెప్పలేదు."

"చెబితే ఒప్పుకునేవాణ్ణేమో."

"ఒప్పుకునేవాడివా?"

"లేదు."

"అందుకే."

అల్లుడు తల ఎత్తకుండా ఇంకాస్త గట్టిగా రుద్దాడు.

"సొట్టలు పడి, పైపొర పొట్టులా లేచిపోతోంది నాన్నా. మా దగ్గర నేర్చుకునేవాళ్లు ఈ కారు చూసి, నేర్పేది కూడా ఇలాగేనా అని అడుగుతున్నారు. మెకానిక్ షెడ్డువాళ్లకిస్తే నెలల తరబడి తిప్పుతారు. మేమే వేసుకుంటాం."

"ఏం రంగు?"

"పలక రంగు. మ్యాట్."

"మ్యాట్ అంటే?"

"మెరవదు."

"ఎప్పటికి మెరుస్తుంది?"

"ఎప్పటికీ మెరవదు. అదే దాని అందం."

మేస్త్రి అల్లుడి వైపు తిరిగాడు. "నీ దగ్గరికి ఎవరైనా వచ్చి, పళ్లు మెరవకుండా చేసిపెట్టమని అడుగుతారా?"

"అడుగుతారండీ. మరీ మెరిస్తే కట్టుడు పళ్లని తెలిసిపోతుందట."

మేస్త్రికి ఆ జవాబు నచ్చలేదు. నిజమైనందుకు ఇంకా నచ్చలేదు.

మధ్యాహ్నానికి షెడ్డు ఆపరేషన్ గదిలా తయారైంది. దుమ్ము లేవకుండా నేల తడిపారు. వాకిలికి తడి దుప్పట్లు వేలాడదీశారు. అద్దాలకీ లైట్లకీ పేపర్లు అంటించారు. పక్కింటి టైలరమ్మ గోడ మీంచి తొంగిచూసింది.

"ఏంటన్నయ్యగారూ ఈ హడావుడి?"

"కారుకి బుర్ఖా వేస్తున్నారు."

"వదిన ఉంటే ఏమనేదో."

"వదిన ఉంటే వీళ్లు నన్ను అడిగేవాళ్లు."

కంప్రెసర్ మోత మొదలైంది. అల్లుడు ల్యాబు మాస్కు తగిలించుకుని, స్ప్రే గన్ పట్టుకుని, గోడ పట్టుకుని నడిచే దొంగలా కారు వెంబడి పక్కకి నడుస్తూ రంగు కొట్టాడు. కూతురు వెనక నిలబడి అరుస్తోంది. "చేయి ఆపకు. దూరం మార్చకు. మచ్చ పడితే దిద్దడానికి ఉండదు, ఆ రేకు మొత్తం మళ్లీ వేయాలి." ఆ చివరి మాట మేస్త్రి చెవిన పడి ఉంటే ఈ కథ ఇంత దూరం వచ్చేది కాదు. ఆయన చూడనని భీష్మించుకుని ఇంట్లో కూచుని, వంటింటి కిటికీలోంచి చూస్తున్నాడు. మోతలో ఒక్క ముక్కా వినబడలేదు.

సాయంత్రానికి కారు తడి ఆరిన పలకలా తేలింది. బాగుంది. మేస్త్రికి అదే గుచ్చుకుంది.

"మబ్బులా ఉందమ్మాయ్," అంది టైలరమ్మ.

"ముసురు పట్టినట్టుంది," అన్నాడు మేస్త్రి.

రంగు గట్టిపడేదాకా ఎవరూ ముట్టుకోవద్దని కూతురు చెప్పింది. ఆయన ముట్టుకోలేదు. కానీ ఒక పొద్దున మంచినీళ్ల కోసం వంటింటి గుమ్మం దాకా వెళ్లి, లోపల కూతురు ఫోనులో మాట్లాడుతుంటే ఆగిపోయాడు.

"మేడ మీద వాటా మాకే ఉంచండి ఆంటీ. కారు రంగు గట్టిపడగానే సామాను వేసుకుని వచ్చేస్తాం. లేదండీ, నాన్నకి ఇంకా చెప్పలేదు. ఆయనకేం, మేం లేకపోతే హాయిగా ఉంటారు."

మేస్త్రి దాహం తీర్చుకోకుండానే వెనక్కి వచ్చాడు. పోతే పోనీ అనుకున్నాడు. పిలిచానా, పంపడానికి అనుకున్నాడు. ఇలాంటివి ఇంకొన్ని అనుకున్నాడు గానీ ఒకటీ కుదురుగా కూచోలేదు. ఒకే కంచం కడిగి బోర్లించే ఇంటిని ఊహించుకోవడం ఆయన వల్ల కాలేదు.

ఉండమని అడగాలి. ఆ మాట ఆయన నోట పుట్టి ఎరగదు. చేతులకి తెలిసిన పని ఒకటుంది. కర్రని రుద్దిరుద్ది వదిలేస్తే సరిగ్గా ఇలాగే మొద్దుగా ఉంటుంది. ఆ తర్వాత మైనం రాసి, ఫ్లానెల్ గుడ్డతో భుజాలు పడిపోయేదాకా తిప్పితే గానీ మెరుపు పైకి రాదు. పిల్లలు అక్కడిదాకా వచ్చి ఓపిక చాలక ఆపేశారు. ఆపేసి, దానికి మ్యాట్ అని పేరు పెట్టుకున్నారు. మిగిలింది తను పూర్తిచేస్తే సరి.

ఇద్దరూ పనులకి వెళ్లగానే మైనం డబ్బా తీశాడు. మొదట రంగు మొండికేసింది. మేస్త్రీ మొండికేశాడు. భోజనం వేళకి బానెట్ లొంగి, ఆవు నాకిన దూడలా అక్కడక్కడా నిగనిగలాడింది. ఆయన స్టూలు మీద కూచుని, చెప్పాల్సిన మాట సాధన చేశాడు. "నీ పని నేను పూర్తి చేశాను. ఉండు." రెండో ముక్క దగ్గర ప్రతిసారీ దగ్గు వస్తోంది.

కూతురు వచ్చింది. భుజం మీది సంచి జారి నేల మీద పడింది. తీసుకోలేదు.

"ఎవరు చేశారిది?"

"ఇంకెవరు చేస్తారు? ఈ ఇంట్లో పని వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే."

"నాన్నా, ఇది ఇక పోదు. ఒకసారి మెరిస్తే మళ్లీ మ్యాట్ అవదు. బానెటంతా గీకి మళ్లీ మొదట్నుంచి వేయాలి."

"మెరుస్తోందని గీకుతారా? లోకంలో ఎక్కడైనా ఉందా?"

"నువ్వు కావాలనే చేశావు."

"కావాలనే చేశాను. నీ కోసం చేశాను."

"నా కోసమా? నీకెప్పుడైనా కారు తప్ప మనిషి కనబడిందా?" ఆమె గొంతు పెరగలేదు, సన్నబడింది. "అమ్మ ఆసుపత్రిలో ఉంటే నువ్వు కింద నిలబడి కారు తుడిచేవాడివి. పైన నేనొక్కదాన్నే. కిటికీలోంచి చూసి నర్సు అడిగేది, ఆయన మీ డ్రైవరా అని. ఏం చెప్పేదాన్నో తెలుసా? అవునని."

అప్పుడే టిఫిన్ డబ్బాతో వచ్చిన అల్లుడు షెడ్డు గుమ్మంలో ఆగిపోయాడు. ముందుకు రావాలో వెనక్కి పోవాలో తెలియక డబ్బా మూత బిగించాడు. అది బిగించే ఉంది.

"మేం వెళ్లిపోతున్నాం నాన్నా. ఇల్లు చూసుకున్నాం. ఒక్క పూటైనా ఉండమని అన్నావా నువ్వు?"

మేస్త్రి చేతిలోని గుడ్డని మడత పెట్టాడు. విప్పి మళ్లీ మడత పెట్టాడు.

"మీ అమ్మే తుడవమంది."

"ఏంటి?"

"దాని పక్కన కూచుంటే నాకు ఏడుపు ఆగేది కాదు. నువ్వలా ఏడుస్తుంటే నాకు చూడ్డం కష్టంగా ఉంది, కిందికి పో అంది. కారు కిటికీ కిందే పెట్టించమంది. ఎండ కారు కప్పు మీద పడి, ఆ వెలుగు గది పైకప్పు మీద ఆడేదట. నేను తుడుస్తుంటే నా చేయి అడ్డం వచ్చినప్పుడల్లా ఆరి వెలిగేదట. అది ఆడుతున్నంతసేపూ నువ్వు అక్కడున్నావని నాకు తెలుస్తుంది అంది." గుడ్డని మళ్లీ విప్పాడు. "మబ్బు పట్టిన రోజున కూడా తుడిచాను. ఆ రోజు దానికేం కనబడిందో నాకు తెలియదు."

కూతురు నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. పైకప్పు వైపు చూస్తూ తల్లి నవ్వడం ఆమె చూసింది. మందుల మత్తనుకుని, డాక్టరుకి చెప్పి మోతాదు తగ్గించమంది కూడా.

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదు."

"ఇలాంటివి అడుగుతారా ఎవరైనా?" అంటూ ఆమె స్టూలు పక్కన నేల మీదే కూలబడి ఏడ్చింది. నేల మీద మైనం ఉందనీ, చీర పాడవుతుందనీ చెప్పబోయి మేస్త్రి జీవితంలో మొదటిసారి ఊరుకున్నాడు. కూతురి తల మీద చేయి వేశాడు. ఆ చేతికీ మైనమే.

ఎవరో ఒకరు ఏదో ఒకటి అనాలి కాబట్టి అల్లుడు గొంతు సవరించుకున్నాడు. "మామయ్యా, అసలు ఈ మెరుపు ఎలా తెప్పించారండీ? మా ల్యాబులో మిషను మీద కూడా ఇంత రాదు."

"ఇన్నాళ్లకి నోరు తెరిచి ఒక మంచి మాటన్నావు. ఆ ఉప్పుకాగితం ఇలా తే."

"మీరా?"

"తప్పు నాది. మీరు గీకితే గీతలు పడతాయి. రంగు మాత్రం దరిద్రంగా ఉంది. అది అనకుండా ఉండలేను."

ముగ్గురూ మూడు వైపులా నిలబడి నీళ్లు చల్లుకుంటూ రుద్దారు. తను తెప్పించిన మెరుపుని తన చేత్తోనే తీసేస్తూ మేస్త్రి మధ్యలో మూలిగాడు. ఎక్కడైనా నొప్పా అని కూతురు అడిగితే, ఎక్కడ కాదో చెప్పడం తేలిక అన్నాడు.

ఫోను మోగింది. కూతురి చేతులు తడిగా ఉన్నాయి. మోచేత్తో స్పీకరు నొక్కింది. ఇంటావిడ గొంతు షెడ్డంతా నిండింది.

"ఏమ్మా, ఎప్పుడు దిగుతున్నారు? వాటా కోసం ఇంకొకళ్లు తిరుగుతున్నారు."

కూతురు తండ్రి వైపు చూసింది. మేస్త్రి ఫోను మీదికి వంగాడు.

"అమ్మాయి వాళ్ల నాన్నని మాట్లాడుతున్నాను. ఆ వాటా వాళ్లకే ఇచ్చేయండి. మావాళ్లు రారు."

"అదేంటండీ, కారు రంగు ఆరగానే వస్తామన్నారు?"

"ఆరడం లేదు."

"ఎన్నాళ్లకి ఆరుతుంది?"

మేస్త్రి బానెట్ వంక చూశాడు. దగ్గు వచ్చింది. ఆపుకున్నాడు.

"నేను బతికుండగా ఆరేట్టు లేదమ్మా."

అవతల ఫోను పెట్టేసిన చప్పుడైంది. అల్లుడు నవ్వు ఆపుకోవడానికి కారు అవతలికి వంగి, లేని మచ్చని వెతికాడు.

"నాన్నా, ఉండమని చెప్పడానికి ఇంతకంటే చిన్న మాట ఉంది."

"ఉంటే ఉంది. ఆ మూల సరిగ్గా రుద్దు."