ముగ్గురికి నలుగురి టెంటు

"పెండ్లా, పుట్టినరోజా, పదకొండో దినమా?"

చిక్కడపల్లిలోని ఆ టెంట్ హౌస్ గడప తొక్కిన ప్రతివాళ్ళనీ ప్రహ్లాద్ మొదట అడిగే ప్రశ్న అదే. జవాబునిబట్టి షామియానా రంగు మారుతుంది మరి.

గొడుగు మడుస్తున్న అమ్మాయి కాసేపు ఆలోచించింది. "వానకండీ," అంది.

"వానకు ఫంక్షనేంది మేడం?"

"ఫంక్షన్ కాదు. వానలో, అడవిలో పడుకోవడానికి ఫ్యామిలీ టెంటు కావాలి. గాలికి పడకూడదు, చుక్క కారకూడదు."

ప్రహ్లాద్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. తొంభై ఆరు ఆషాఢం అది. ముహూర్తాల్లేవు. బోనాల ఆదివారాలు తప్పితే కుర్చీల దుమ్ము దులుపుకోవడమే పని. అలాంటప్పుడు ఇంత వింత బేరం నడిచొస్తే ఎవరికి మాత్రం కుతూహలం పుట్టదు?

"మీకు ఇల్లు లేదా?"

"అశోక్ నగర్లో ఉంది. కారదు కూడా."

"మరి గీ పరేషానెందుకు?"

అమ్మాయి పేరు హారతి. నారాయణగూడ కాలేజీలో బాటనీ చదువుతోంది. వాళ్ళ నాన్న బుచ్చిబాబుగారిది వాతావరణ ఆఫీసులో ఉద్యోగం. ఇరవై ఆరేళ్ళుగా ఆయన వానని కొలిచే గాజు గొట్టంలోనే చూశారు. ఒక్కసారి అనంతగిరి కొండల్లో పడుకుని దాన్ని వినాలని ఆయన కోరిక. కానీ ఆ ఆఫీసులో వానాకాలం సెలవు దొరకడమంటే మాటలు కాదు. పదకొండేళ్ళుగా అడుగుతుంటే ఈసారి శ్రావణం మొదట్లో మూడు రోజులు ఇచ్చారు.

"ఇంకేం, పోయి రండి," అన్నాడు ప్రహ్లాద్.

"మా అమ్మ షరతు పెట్టింది. టెంటు ముందు మా డాబా మీద వేసి చూపించాలట. తన మీద ఒక్క చుక్క పడితే ప్రయాణం లేదంది. అమ్మ రాకపోతే నాన్న కదలరు."

"ఎంతమంది మీరు?"

"ముగ్గురం."

"అయితే నలుగురి టెంట్ తీసుకోవాలె."

"నాలుగో చోటెందుకు?"

"సామానుకు. వానల సామాను బయట పెడ్తరా? ముగ్గురికి ముగ్గురి టెంటే తీసుకుంటే, తెల్లారేసరికి ఒకరి మోకాలు ఒకరి నోట్లె ఉంటది."

హారతి నవ్వలేదు. నోట్‌బుక్ తీసి శ్రద్ధగా రాసుకుంది. అబద్ధమెందుకు, ప్రహ్లాద్‌కి ఆమె అప్పుడే నచ్చేసింది.

వారం తిరక్కుండా అతను ఒక నైలాన్ టెంటు సంపాదించాడు. గుండ్రంగా, ముద్దుగా, మడిస్తే సంచిలో పట్టేలా ఉంది. హారతి మురిసిపోయింది.

"ఇది వద్దు మేడం," అన్నాడు.

"మీరే తెచ్చారు కదండీ."

"తెచ్చినంక చూసిన. దీంట్ల గాలి ఆడదు. రాత్రంత మన ఊపిరే నీళ్ళయి మన మీద పడ్తది. మీ అమ్మగారు వానకూ ఊపిరికీ తేడా చూస్తరా?"

రెండోది టార్పాలిన్‌ది. దానికి కింద బట్ట లేదు. వాన పైనుంచి రాకపోతే కిందనుంచి వస్తదన్నాడు. అడుగుబట్ట పక్కలకి జానెడు లేచి, గోడతో కలిపి కుట్టి ఉండాలట. హారతి అదీ రాసుకుంది.

మూడోది మిలిటరీ వేలంలో కొన్న కాన్వాసు. దుకాణంలో షామియానాలు కుట్టే ఎల్లేశం చేత కొలత ప్రకారం కొత్తగా కుట్టించాడు. గోడలు దిట్టంగా ఉన్నాయి. తాళ్ళు లాగితే డప్పులా మోగుతున్నాయి. అయినా ప్రహ్లాద్ ఇవ్వనన్నాడు.

"కొత్త కాన్వాసును నాలుగుసార్లు తడిపి ఎండబెట్టాలె. గప్పుడే నూలు ఉబ్బి సందులు మూసుకుంటయి. కుట్లకు మైనం రాయాలె. వచ్చే బుధవారం రండి."

"శ్రావణం వచ్చేస్తోందండీ. అసలు మీకు టెంటు అమ్మాలని ఉందా, లేదా?"

"ఉన్నది."

"అయితే ఆ నైలాన్‌దే ఇచ్చేయండి."

"ఇయ్య."

"ఎందుకు?"

నోటిదాకా వచ్చిన జవాబుని ప్రహ్లాద్ మింగేశాడు. "మీ నాన్న సెలవు ఖరాబైతది," అన్నాడు.

హారతి విసురుగా వెళ్ళిపోయింది. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న అతని తండ్రి కిషన్ రావు కళ్ళజోడు మీదుగా చూశాడు. "కొంట అని వచ్చిన మనిషిని మూడుసార్లు వాపస్ పంపినవ్. ఇదేం దందా రా?"

ప్రహ్లాద్ కాన్వాసుకి మైనం రాస్తూ కూర్చున్నాడు. ఇక ఆమె రాదేమోనని భయపడ్డాడు. బుధవారం ఆమె సరిగ్గా నాలుగింటికే వచ్చింది. ఇంత కోపంలో వేరే దుకాణం ఎందుకు చూసుకోలేదో ఆమెకే తెలియాలి.

రెండో శనివారం అశోక్ నగర్ డాబా మీద పరీక్ష. టెంటు మోసుకుంటూ మెట్లెక్కాక గానీ అసలు సంగతి ఎవరికీ తట్టలేదు. డాబాలో మేకులు దిగవు. ఒక తాడు రుబ్బురోలుకి, ఒకటి నీళ్ళ ట్యాంకు కాలికి, మిగతావి నిండు బిందెలకి కట్టాడు ప్రహ్లాద్. మధ్యాహ్నం మూడింటికి వాన వస్తుందని బుచ్చిబాబుగారు చెప్పారు. మూడింటికి ఎండ కాసింది. భార్య ఆయనవైపు చూసిన చూపు అచ్చులో పెట్టదగింది కాదు.

నాలుగున్నరకి మాత్రం కుండపోత.

హారతి అమ్మ కమలాకుమారిగారు కాఫీ గ్లాసుతో టెంటు మధ్యలో చాప మీద కూర్చున్నారు. పక్కన తండ్రీ కూతుళ్ళు. ప్రహ్లాద్ గుమ్మం దగ్గర సగం లోపల, సగం వానలో ఉన్నాడు.

"ఒకటే మాట అమ్మగారు. లోపలినుంచి బట్టకు వేలు తాకియ్యొద్దు. తాకిన కాడ కారుతది."

"తాకితే ఎందుకు కారుతుంది?" అంది హారతి.

"తడి బట్ట నీళ్ళను పట్టుకొని ఉంటది. వేలు తాకితే గా పట్టు పోతది."

కమలాకుమారిగారు పైకి చూశారు. అరగంట గడిచింది. గాలి ఈడ్చి కొట్టింది. బిందెలు కదిలాయి గానీ టెంటు కదల్లేదు. బుచ్చిబాబుగారు కళ్ళు మూసుకుని వింటున్నారు. ముప్పై మిల్లీమీటర్లు దాటి ఉంటుందని కూడా అనలేదు. అంత ఆనందంగా నాన్నని హారతి ఎప్పుడూ చూడలేదు. అందుకే ఆమెకి భయమేసింది.

తండ్రీ కూతుళ్ళు వాననే వింటున్నారు. ఆ సమయంలో కమలాకుమారిగారి చూపుడువేలు మెల్లగా పైకి లేచింది. వద్దన్నదాన్ని ఒకసారి చేసి చూడాలనిపించడం ఏ ఒక్కరి సొత్తూ కాదు. కాన్వాసుని అలా ముట్టుకుని చటుక్కున చెయ్యి ఒళ్ళో పెట్టేసుకున్నారు. ప్రహ్లాద్ ఒక్కడే చూశాడు.

చుక్క పడింది. సరిగ్గా ఆవిడ నుదుటి మీద. కుంకుమ కరిగి ముక్కుదాకా జారింది.

"కమలా," అన్నారు బుచ్చిబాబుగారు. హారతి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"తప్పు నాది సార్," అన్నాడు ప్రహ్లాద్. "కుట్టుకు మైనం సరిగ్గ పట్టలే."

హారతి తలెత్తింది. చుక్క పడుతున్నచోట కుట్టే లేదు. ఆమె చూపు అమ్మ వేలి మీదకి వెళ్ళింది. తర్వాత ప్రహ్లాద్ ముఖం మీదకి వెళ్ళి అక్కడే ఆగిపోయింది.

ప్రహ్లాద్ లోపలికి వంగి, కారుతున్నచోట తన వేలు పెట్టి, బట్ట మీదుగా గోడ దిగువదాకా గీత గీశాడు. చెప్పిన మాట విన్నట్టే నీళ్ళు గీత వెంబడి జారిపోయాయి. చుక్క ఆగింది.

"మళ్ళీ పడదా?" అడిగారు కమలాకుమారిగారు.

"వాన ఆగేదాక గా తొవ్వనే పోతది అమ్మగారు."

ఆవిడ చెంగుతో ముక్కు తుడుచుకున్నారు. "చుక్క పడితే ప్రయాణం లేదన్నాను," అన్నారు. "కానీ నేను వేలు పెట్టకపోతే అది పడేదే కాదు. ఈ అబ్బాయి చూసి కూడా నన్ను పట్టివ్వలేదు. అనంతగిరిలో మేకులు ఎవరు కొడతారు? ఈయన కొడితే వేలి మీద కొట్టుకుంటారు. నువ్వూ రా బాబూ."

వాన వెలిశాక తాళ్ళు విప్పుతుంటే హారతి వచ్చి ఒక బిందె పట్టుకుంది.

"కుట్టు లేనిచోట మైనం ఎలా పట్టలేదండీ?"

ప్రహ్లాద్ నవ్వాడు.

"ఇంకొకటి. కాన్వాసుని నాలుగుసార్లు తడపాలన్నారు. మా లైబ్రరీ పుస్తకంలో రెండుసార్లు చాలని ఉంది."

"చిక్కడపల్లి లైబ్రరీల టెంట్ల మీద కూడ పుస్తకం ఉన్నదా?"

"ఉంది. మొదటివారమే చదివాను. మాట మార్చకండి."

ప్రహ్లాద్ తాడు ముడి వదిలేసి లేచి నిలబడ్డాడు. "టెంట్ ఇచ్చేస్తే మీరు మళ్ళ రారని. మీరంటే నాకు ఇష్టం, హారతి గారు."

"రెండుసార్లు చాలని తెలిసి కూడా బుధవారం ఎందుకొచ్చానో మీరు ఒక్కసారైనా ఆలోచించారా?" అంది హారతి. బిందెలో నీళ్ళన్నీ అతని కాళ్ళ మీద ఒంపి, మెట్లు దిగిపోయింది.

మాఘమాసంలో ఒకరోజు బుచ్చిబాబుగారూ కమలాకుమారిగారూ పళ్ళూ పూలూ పట్టుకుని చిక్కడపల్లి దుకాణానికి వచ్చారు. కిషన్ రావు అలవాటుగా అడిగాడు, "పెండ్లా, పుట్టినరోజా సార్?"

"పెళ్ళికండీ. మా అమ్మాయికీ, మీ అబ్బాయికీ. మీ వాడు చెప్పలేదా?"

కిషన్ రావు కళ్ళజోడు తీసి కొడుకువైపు తిరిగాడు. "గందుకేనా రా, గా నైలాన్‌ది అమ్మలే?"

అనంతగిరికి వెళ్ళిన మొదటి శ్రావణంలో టెంటులో నాలుగో చోట సామాను పడుకుంది, ప్రహ్లాద్ జీపులో పడుకున్నాడు. రెండో శ్రావణంలో సామాను జీపులో పడుకుంది.