తాండ్ర పొరల్లో మసి

ఆ రోజు ఢిల్లీ నుంచి తనిఖీకి ఆఫీసర్లు వస్తున్నారు. ఈశ్వర్ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని తయారయ్యాడు. చీపురుపల్లి దగ్గర ఉక్కులో కలిపే లోహం కాచే ఫెర్రో ఎల్లాయ్స్ ఫ్యాక్టరీలో కరెంటు వాడకం చూసే ఇంజనీరు అతను. టన్ను సరుక్కి ఇంతకు మించి కరెంటు వాడకూడదని కేంద్రం హద్దు పెట్టింది. ఇంకా తగ్గించినవాళ్ళకి సర్టిఫికెట్లిస్తుంది, హద్దు దాటిన ఫ్యాక్టరీలకి అవి అమ్ముకోవచ్చు. ఆ ఆశకైనా కొత్త యంత్రాలు పెడతారనీ, గాలి బాగుపడుతుందనీ సర్కారువారి నమ్మకం. ఈశ్వర్ ఫ్యాక్టరీ హద్దుకన్నా బాగా తగ్గించింది. కొత్త యంత్రం మాత్రం ఒక్కటీ రాలేదు.

అతని తల్లి అసిరమ్మ మేడ మీంచి తాండ్ర చాప దించింది. రోజూ చీకటుండగానే లేచి, ముందురోజు ఎండిన పొర మీద కొత్త మామిడి రసం పోసేది. చూపు ఆనని మనిషి, తడిమి పోసేది. కోడలు యమునకి ఐదో నెల. తాండ్ర తప్ప ఏదీ సయించడం లేదు. కోడలి కోసమే ముక్క కోసి, వెలుతురులో కళ్ళకి దగ్గరగా పెట్టి చూసింది.

"ఒరే ఈశ్వరూ, ఇదేటిరా?"

కోసిన అంచున పసుపు పొర, నల్ల చార, మళ్ళీ పసుపు పొర, మళ్ళీ నల్ల చార.

"లారీల దుమ్మమ్మా. గుడ్డ కప్పాల్సింది."

"రోడ్డు దుమ్ము ఎర్రగుంటాది. ఇది మీ పేక్టరీ మసి."

యమున సింకు దగ్గరికి పరిగెత్తి ఉమ్మింది. నాలుక వేలితో గీకి గీకి కడుక్కుంది.

"ముందు చాప మొత్తం నేనే తిన్నాను బావా! పొగ లాగే పెద్ద ఫ్యాను ఉన్నాది, మసి బయటికి రాదన్నావు గదా?"

ఈశ్వర్ వాచీ చూసుకున్నాడు. "ఉన్నాది. రాత్రిపూట ఆపుతన్నాం. అది బోల్డు కరెంటు తాగేస్తాది. ఆపితేనే లెక్క తగ్గుతాది. మేనేజరు ఆపమన్నాడు, ఆపాను. ఇదంతా దేశం మంచికే."

వింటేనే కంపరం పుట్టే మాట. గాలి బాగుపడాలని పెట్టిన పథకం కోసం, గాలిని కాపాడే ఫ్యానునే ఆపేశారు. పైగా దానికి మెప్పు!

"తూ! దేశం పేరెత్తకు," అంది అసిరమ్మ, ముక్క అతని నోటి దగ్గర పెట్టి. "తిను. నా ముందర తిను."

"ఆకలి లేదమ్మా," అని మొహం తిప్పుకున్నాడు.

యమున గిరుక్కున తిరిగింది.

"ప్రతీ ఏడూ చాప మీద ఉండగానే సగం మింగేసేవోడివి. ఈ వేసంగిలో ఒక్క ముక్క ముట్టలేదు. నీకు తెలుసు బావా. తెలిసే నన్ను తిననిచ్చావు."

"ఆశగా తింటన్నావని... ఏటని సెప్పను?"

ఆ మాట తన చెవికే అసహ్యంగా వినిపించింది. ఈశ్వర్ గోడకి జారబడి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. చెయ్యి పట్టుకోబోతే యమున విదిలించేసింది. అసిరమ్మ కూడా ఓదార్చలేదు.

కాసేపటికి లేచాడు.

"ఫ్యాను ఆపేసి లెక్క తగ్గించామని ఆఫీసర్లకి సెప్పేస్తాను. ఉద్యోగం ఉండదు."

"పోతే పోనీరా," అంది అసిరమ్మ.

అతను గేటు తీస్తుంటే యమున గుమ్మంలోకి వచ్చింది. కళ్ళు తుడుచుకోలేదు.

"మొత్తం సెప్పు బావా. మేనేజరు మీద తోసేసి రాకు. నువ్వు ఆపింది నువ్వు ఆపానని సెప్పు. అప్పుడొస్తే అన్నం పెడతాను."