గొడుగు కింద ఎందరు?

ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు లిఫ్టు మెకానిక్ చెయ్యెత్తాడు. అదేమంత వింత కాదు. అందరూ బాబాయి అని పిలిచే ఆయన కార్డుల కొట్టు మేడ మీద, పోటీలు జరిగే గదిలో పన్నెండు బల్లలుంటాయి. కార్డు మీది మాట ఎవరికి అర్థం కాకపోయినా చెయ్యెత్తుతారు. జడ్జి వెళ్ళి తీర్పు చెబుతుంది.

జడ్జి అంటే ఎవరో కాదు, బాబాయి అన్న కూతురే. వారమంతా ఆమెది మందుల కంపెనీలో ఉద్యోగం. మందు పెట్టెల్లో మడిచిపెట్టే కాగితాల్లో తప్పులు పట్టుకోవడం ఆమె పని. 'భోజనానికి ముందు వేసుకోవాలి' అని ఉంటే, ఎంత ముందో తేలేదాకా ఆమెకు నిద్ర పట్టదు. ఆదివారం వచ్చిందంటే ఆ దురద కార్డుల మీద తీర్చుకుంటుంది.

"చెప్పండి," అంది బల్ల దగ్గరికి వచ్చి.

ఆట తేలికే. ఇద్దరూ దీపాల కార్డులు పరుస్తారు. ఆఖర్న ఎవరి దీపాలు ఎక్కువ వెలుగుతుంటే వాళ్ళు గెలిచినట్టు. మెకానిక్ వాన కార్డు వేశాడు. 'వాన పడితే ఎదుటివారి దీపాలు ఆరిపోతాయి' అని దాని మీద ఉంది. ఎదురుగా కూర్చున్న కళ్ళద్దాల షాపాయన దీపాలన్నీ ఆరిపోయాయి. ఆయన తాపీగా ఇంకో దీపం తీసి పెట్టాడు.

"వాన పడుతూనే ఉంది కదండీ, ఇది కూడా ఆరిపోవాలి," అన్నాడు మెకానిక్.

"ఎంతసేపు పడుతుందో కార్డు మీద ఉందా?" అన్నాడు కళ్ళద్దాలాయన.

లేదు. ఆమె కార్డు రెండుసార్లు చదివింది. "పడింది, ఆగింది. కొత్త దీపం వెలుగుతుంది," అంది.

"వాన ఆగిందని మీకెవరు చెప్పారండీ?"

"ఆగలేదని మీకెవరు చెప్పారు?"

పక్క బల్లల వాళ్ళు నవ్వారు. మెకానిక్ నవ్వలేదు. ఆ ఒక్క దీపంతో ఓడిపోయాడు. ఈ కొట్టు నుంచి ఏడాదికి ఒక్కరికే పెద్ద పోటీల్లో సీటు. దానికోసం రెండేళ్ళుగా తిరుగుతున్నాడు, ఇది మూడో ఏడు. కార్డులు పెట్టెలో సర్దుకుని, "మీరు చెప్పారు కాబట్టి సరేనండి," అని వెళ్ళిపోయాడు. నాలుగు మాటలు అని ఉంటే ఆమె ఆ పూటే మర్చిపోయేది.

మర్చిపోలేక, కార్డులు అచ్చువేసే కంపెనీకి ఉత్తరం రాసింది. మూడు వారాలకు జవాబొచ్చింది. వాన కార్డు బల్ల మీద ఉన్నంతసేపూ వాన కురుస్తూనే ఉంటుందట. మెకానిక్ చెప్పిందే నిజం.

కొట్టులో ఒక పద్ధతి ఉంది. తప్పు తీర్పు చెప్పిన జడ్జి ఆ సంగతి కాగితం మీద రాసి, సంతకం పెట్టి, మెట్ల దగ్గర గోడకు అంటించాలి. కింద 'ఫలితం మారదు' అని కూడా రాయాలి. ఆమె జడ్జి కాకముందు బాబాయే జడ్జి, అందుకని గోడ సగం బాబాయి సంతకాలే. ఆమెది మాత్రం ఇదే మొదటిది. అంటిస్తుంటే మొహం చెల్లలేదు.

ఆ ఆదివారం మెకానిక్ దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"దస్తూరి బాగుందండి."

"అదొక్కటే కనిపించిందా?"

"నాలుగు లైన్లలో 'నా తప్పు' అని మూడుసార్లు రాశారు. ఒక్కసారి సరిపోయేది."

"నావల్లే మీ సీటు పోయింది."

"వచ్చే ఏడు మళ్ళీ వస్తుంది లెండి. లిఫ్టు కోసం నిలబడ్డవాడికి ఓపికుండాలని రోజూ జనానికి నేనే చెబుతుంటాను."

అప్పటినుంచి ఆదివారం ఆదివారం ఏదో ఒక కార్డు పట్టుకొచ్చి, దీని మీద ఇది రాయలేదేంటండీ అని అడిగేవాడు. ఆమె విసుక్కుంటూ జవాబు చెప్పేది. ఒక ఆదివారం పనిలో ఇరుక్కుని రాలేదు. అంతా పద్ధతిగా జరిగింది, ఒక్క గొడవా లేదు. ఆమెకు మాత్రం రోజు గడవలేదు. తనకు అతనంటే ఇష్టమని అప్పుడే తెలిసింది. ఇది తీర్పు కాదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

ఏడాది తిరిగింది. ఫైనల్ ఇంకో వారం ఉందనగా, కొట్టు మూసే వేళకు వాన పట్టుకుంది. ఆమె దగ్గర గొడుగు లేదు. అతని దగ్గర ఉంది. బస్టాపు దాకా ఇద్దరూ ఒకే గొడుగు కింద నడిచారు.

"కొత్తగా గొడుగు కార్డొచ్చింది చూశారా? 'గొడుగు కింద వాన పడదు' అని ఉంది, అంతే. ఎన్ని దీపాలు పెట్టుకోవచ్చంటారు?"

"బల్ల దగ్గర అడగండి."

"జడ్జిగారిని కాదు, మిమ్మల్నే అడుగుతున్నా."

ఆమె తల తిప్పి చూసింది. గొడుగు మొత్తం తనవైపే ఉంది. అతని ఎడమ భుజం తడిసి ముద్దయింది.

"ఎన్నో రాయలేదుగా. ఇద్దరికి పట్టినప్పుడు రెండు దీపాలకి పట్టదా?" అంది.

అతను గొడుగు ఇంకాస్త ఇటు జరిపాడు.

ఫైనల్లో మళ్ళీ ఆ ఇద్దరే ఎదురుపడ్డారు. గదిలో ఉన్నవాళ్ళంతా ఆ బల్ల చుట్టూ చేరారు. ఆఖరి వంతుకు మెకానిక్‌వి రెండు దీపాలు, కళ్ళద్దాలాయనది ఒకటి. ఆయన వాన వేశాడు. దీపాలు ఆరేలోగా మెకానిక్ గొడుగు కార్డు తీసి రెండింటి మీదా పెట్టాడు. రెండూ నిలిస్తే గెలుపు అతనిది. ఒక్కటే నిలిస్తే సమానం. సమానమైతే మొదట దీపం పెట్టినవాళ్ళది గెలుపు, మొదట పెట్టింది కళ్ళద్దాలాయన.

కళ్ళద్దాలాయన చెయ్యెత్తాడు.

ఆమె రెండడుగులు వేసి ఆగిపోయింది. జవాబు తెలుసు. అది కార్డు చదివి తెలిసిందో, తడిసిన భుజం చూసి తెలిసిందో మాత్రం తెలియలేదు. అతను గెలవాలని ఎంతగా కోరుకుంటోందంటే, ఆ బల్ల దగ్గర తన మాట తనే నమ్మలేదు. వెనక్కి తిరిగి మెట్లు దిగింది.

"బాబాయ్, ఫైనల్ బల్ల దగ్గరికి నువ్వెళ్ళు."

"నీకేమొచ్చిందే?"

ఆమె గోడ మీది రూల్స్ పట్టీలో ఆఖరిది చూపించింది. 'తనవాళ్ళ బల్ల దగ్గర జడ్జి నిలబడకూడదు.' బావమరిది వచ్చి ఆడే రోజుల్లో బాబాయే రాసుకున్నది.

"కళ్ళద్దాలాయన మనకేమీ కాడే," అన్నాడు బాబాయి.

"కాడు."

బాబాయి కలం కింద పెట్టాడు. అమ్మాయి మొహం ఒకసారి చూసి మెట్లెక్కాడు.

"ఒక గొడుగు, ఒక దీపం," అని పైనుంచి బాబాయి గొంతు వినిపించింది. ఆ తర్వాత చప్పట్లు. సీటు కళ్ళద్దాలాయనకే.

అందరూ వెళ్ళాక బాబాయి దిగొచ్చి లెక్కల పుస్తకం ముందు కూర్చున్నాడు. ఆఖర్న మెకానిక్ కిందికి దిగాడు. బయట వాన పడుతోంది.

"మీరొస్తారనుకున్నా."

"తెలుసు."

"మీరొస్తే గెలిచేవాణ్ణి."

"అందుకే రాలేదు." ఆమె గోడవైపు చెయ్యి చూపింది.

అతను చదివాడు. "ఇది చుట్టాల సంగతి కదండీ. నేను మీకు చుట్టాన్ని కాను."

"చుట్టాలు అని లేదు. మళ్ళీ చదవండి."

మళ్ళీ చదివాడు. పోయినేడు ఆమె తప్పు చదవడానికి పట్టినదానికన్నా ఎక్కువసేపే పట్టింది.

"తనవాళ్ళంటే ఎవరో ఇందులో రాయలేదు," అన్నాడు మెల్లగా.

"రాయలేదు. ఆ తీర్పు ఇవాళ నేను చెప్పాను."

అతను కార్డుల పెట్టె కౌంటరు మీద పెట్టాడు.

"సీటు పోయినందుకు బాధ లేదంటే అబద్ధమవుతుందండి. ఉంది. పైన మీకోసం చూసి చూసి, మీరు రాకపోయేసరికి ఇంకా బాధేసింది. ఎందుకు రాలేదో ముందే తెలిసుంటే, ఆ రెండో దీపం నేనే ఆర్పేసేవాణ్ణి."

"మరి నా తీర్పు?"

"కరెక్టే. మీరు నావాళ్ళని నేను ఏడాది కిందటే అనుకున్నా. చెప్పే ధైర్యం లేక కార్డులు పట్టుకు తిరిగా."

ఆమె నవ్వింది. అతను గొడుగు తెరిచాడు. బాబాయి లెక్కల పుస్తకంలోంచి తల ఎత్తలేదు, కానీ ఆ పుస్తకం తలకిందులుగా ఉంది.

మరుసటి ఆదివారం మెట్ల దగ్గర గోడ మీద బాబాయి చేతిరాతతో కొత్త కాగితం కనిపించింది.

'పోయిన వారం ఫైనల్లో ఒక గొడుగు కింద ఒకటే అని చెప్పాను. నా తప్పు. ఇద్దరు సుఖంగా పడతారు. బస్టాపు దాకా కిటికీలోంచి చూశాను.'

కింద సంతకం. దాని కింద, పద్ధతి ప్రకారం: 'ఫలితం మారదు.'